ద్రాగోవా రెండో ఆల్బమ్

నేను ఒక తొంభై నిమిషాల క్యాసెట్టుని. నా సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవద్దు. నాకు మొహమాటం లేదు, విశ్వాసం అంతకన్నా లేదు. నా ముందు చివరగా ఎవరు నోరు విప్పితే వాళ్ల మాటే నాది. అంతకుముందు అక్కడ ఎవరు ఏడ్చినా, ఎవరు దేవుణ్ణి పిలిచినా, కొత్త గొంతు రాగానే పాత గొంతుని శుభ్రంగా తుడిచేసుకుని కూర్చుంటాను. ఈ గుణం వల్లేనేమో, మనుషుల మధ్య నాకు ఏనాడూ కొత్తగా అనిపించలేదు.

పడమటి దేశంలో ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. సన్నటి ప్లాస్టిక్ రిబ్బను మీద మెత్తగా నూరిన తుప్పు పూస్తే నేను తయారయ్యాను. అవును, తుప్పే. మీ పెళ్లి పాటలు, సుప్రభాతాలు, సినిమా పాటలు అన్నీ ఆ తుప్పు మీదే నిలిచాయి. ఒకావిడ చిమటాతో నాలో గోరంత స్పాంజి ముక్క పెట్టి, పక్కావిడతో తన అత్తగారి మీద చాడీలు చెబుతూ మూత బిగించింది. అదే నేను విన్న మొదటి మనిషి మాట. అది నాలో ఎక్కలేదు గానీ లోకం ఎలా ఉంటుందో ఒక అంచనా వచ్చింది.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నా వీపు మీద రెండు బుల్లి ప్లాస్టిక్ బిళ్లలుంటాయి, ఒక్కో వైపుకి ఒకటి. బిళ్ల ఉన్నంతకాలం ఎవరైనా ఆ వైపు ఏదైనా రికార్డు చేసుకోవచ్చు. విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు, లోపలున్నది భద్రం. మళ్లీ తుడవాలని బుద్ధి పుడితే ఆ చిన్న గుంట మీద అతుకు కాగితం అంటిస్తే చాలు, మెషీన్ మోసపోతుంది. నా బతుకంతా ఆ గోరంత బిళ్ల దగ్గరే తేలిపోయింది.

విశాఖపట్నం జగదాంబ సెంటర్లో ఒక క్యాసెట్ల దుకాణంలో నన్ను కొన్నవాడి పేరు నూకరాజు. ఇరవైమూడేళ్లు ఉంటాయి. ఓడలు మరమ్మతు చేసే ఒక యార్డులో వెల్డరు. మల్కాపురంలో అద్దె గది. దుకాణం వాడు ఏ సినిమా పాటలు ఎక్కించమంటావని అడిగితే "ఏటీ వద్దు, కాళీ కేసెట్టే కావాల" అన్నాడు. ఆ అనడంలో ఎంత భయముందో నాకు ఆరోజు తెలియలేదు.

భయం దేనికో తెలియాలంటే ఆదివారం గది సంగతి చెప్పాలి. నేను ఆ గదికి తర్వాత వెళ్లాను, అక్కడ అరలో ఉన్న పాత క్యాసెట్ల దగ్గర ఇదంతా విన్నాను.

పోర్టులో పెద్ద ఆఫీసరు బంగళా వెనక ఒక అవుట్‌హౌసు. అది ఆఫీసరుగారబ్బాయి ప్రభంజన్ రాజ్యం. అతని మావయ్య ఓడల మీద తిరుగుతూ దేశదేశాల నుంచి పంక్ రాక్ క్యాసెట్లు తెచ్చిస్తాడు. పంక్ రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. గిటారు మీద మూడే స్వరాలు బాది, గొంతు చించుకుని, ఉన్నవాళ్ల మీద లేనివాళ్లు ఉమ్మే సంగీతం. ఆ ఉమ్మి తన మీద కూడా పడుతుందని ప్రభంజన్‌కి ఎప్పుడూ తోచలేదు. చిరగని చొక్కాని బ్లేడుతో చింపి, పిన్నీసులు పెట్టుకుని తొడుక్కునేవాడు. ఆ చొక్కాని వాళ్లింటి పనిమనిషి పిన్నీసులన్నీ తీసి ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ ఉన్నచోటే గుచ్చేది.

ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో నలుగురు చేరేవారు. ప్రభంజన్ ఒకడు. ఏ పాటకైనా అర్థం చెప్పగల మెడికో కౌండిన్య ఇంకొకడు. రైల్వే కాలనీ నుంచి సైకిలు మీద వచ్చే షెరిల్ అనే టైపిస్టమ్మాయి మూడో మనిషి. నాలుగోవాడు నూకరాజు.

అతను ఆ గదికి మొదట వచ్చింది కిటికీకి గ్రిల్లు వెల్డింగు చేయడానికి. లోపల 'గట్టర్ బిషప్స్' అనే పాటగాళ్ల గుంపు పాట మోగుతోంది. నూకరాజు వెల్డింగు అద్దం నుదుటి మీదికి ఎత్తి, క్యాసెట్టు ఒక వైపంతా అయ్యేదాకా కదలకుండా నిలబడిపోయాడట. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పగలంతా ఇనుము మీద ఇనుము పడే చప్పుడులో బతికేవాడికి, ఆ చప్పుడుకి కూడా కోపం ఉంటుందని, దాన్ని పాట అంటారని అప్పుడే తెలిసింది. ప్రభంజన్ మురిసిపోయాడు. పంక్ అంటే కార్మికుల సంగీతమని వాళ్లు పుస్తకాల్లో చదివి ఉన్నారు. చదివిన చాలాకాలానికి ఒక కార్మికుడు దొరికాడు. కిటికీకి గ్రిల్లుతో పాటు గదికి అతన్నీ బిగించేసుకున్నారు. పేరు మాత్రం బాగాలేదని 'నూక' కొట్టేసి రాజ్ అన్నారు. పంక్‌లో సార్ లేరు, సార్ అనొద్దు అన్నారు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, నూకరాజు అక్కడ ఎవర్నీ ఏమీ పిలవకుండా మూడు నెలలు నెట్టుకొచ్చాడు.

ఆ గదికొక ఆచారం ఉంది. వారానికి ఒకరు ఎవరూ వినని ఆల్బమ్ ఒకటి తెచ్చి, ఎందుకు వినాలో చెప్పాలి. ఒక వైపంతా అందరూ నోరెత్తకుండా వింటారు. నచ్చితే 'గట్టి' అంటారు. ప్రభంజన్ పెన్ను మూతతో బిళ్ల విరిచేస్తాడు, ఇక దాన్నెవరూ తుడవడానికి లేదు. నచ్చకపోతే 'తుడుపు'. అదే క్యాసెట్టు మళ్లీ పెట్టి, దాని మీద గదిలో ఉన్నవాళ్ల నవ్వు రికార్డు చేస్తారు. బటన్ నొక్కాల్సింది తెచ్చినవాళ్లే. మొదట నవ్వాల్సిందీ వాళ్లే, అందరికన్నా గట్టిగా. దేన్నీ నెత్తిన పెట్టుకోకపోవడమే పంక్ అని దానికొక సిద్ధాంతం. షెరిల్ ఒకసారి తనకి ప్రాణమైన 'నైన్ రెడ్ బకెట్స్' తెచ్చింది. మెత్తగా ఉందని తుడుపు పడింది. పాపం, బాగానే నవ్వింది. తర్వాత బయట కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది. ప్రభంజన్ తెచ్చినవాటికి ఒక్కసారీ తుడుపు పడలేదు, అది వేరే చెప్పనక్కర్లేదు.

నూకరాజు తన వంతు మూడుసార్లు దాటేశాడు. నాలుగోసారి ప్రభంజన్ నవ్వుతూనే అన్నాడు. "వచ్చే సండే ఏదైనా తీసుకురా రాజ్. ఊరికే వినిపోవడానికి ఇదేమైనా పార్కా?"

ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఊళ్లో దుకాణాల్లో అవి దొరకవు, అతనికి ఓడలెక్కే మావయ్య లేడు. ఆదివారం ఆ తలుపు మూసుకుపోతే మిగిలేది గది, గ్యాస్ సిలిండరు, మల్కాపురం దోమలు. ఆ వారమంతా అన్నం సరిగా తినలేదట. ఆ స్థితిలో నన్ను కొన్నాడు.

అతనికి సింహాద్రి అనే బావ ఉన్నాడు, పెదనాన్న కూతురు పైడమ్మ మొగుడు. అదే యార్డులో చిప్పింగు పని. అంటే సుత్తి పెట్టి ఓడల మీద తుప్పు రాల్చే పని. ముప్పై దాటిన మనిషి, ఎముకలే గానీ ఒంట్లో కండ లేదు. కానీ ఆ గొంతు! పాడితే పాట కాదు, అరిస్తే అరుపూ కాదు. అత్తింటివాళ్లు దానికి గాడిద గొంతని పేరు పెట్టారు, ముఖ్యంగా పెద్ద బావమరిది అప్పలస్వామి.

"ఏట్రా నూకా, ముకం అలాగ మాడ్సుకున్నావ్?" అన్నాడు సింహాద్రి భోజనాల వేళ.

"ఆదివారానికి ఒక ఆల్బమ్ కావాల బావా. ఎవులూ ఇననిది."

"ఎవులూ ఇననిదంతే నా పాటేరా. మీ పైడమ్మప్ప ఇంట్లో పాడనిస్తదేటి?"

సింహాద్రి నవ్వడానికే అన్నాడు. నూకరాజు నవ్వలేదు.

అప్పుడు యార్డులో బల్గేరియా ఓడ ఒకటి మరమ్మతుకొచ్చి ఉంది. పేరు ద్రాగోవా. దాని అడుగున నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి పెట్టారు, ఇల్లంత ఇనుప పెట్టె. భోజనం గంటలో సింహాద్రి తన టేప్‌రికార్డరు తెచ్చాడు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఇద్దరు చిప్పింగు కూలీలు సుత్తులు పట్టుకున్నారు. నూకరాజు రేకు మీద వెల్డింగు రాడ్ల కట్ట గీకాడు. నన్ను మధ్యలో పెట్టి బటన్ నొక్కారు. మూడు రోజులు, మూడు భోజనాలు మానుకుని, తొమ్మిది పాటలు.

నేను చాలా చెత్త విన్నాను కాబట్టి నా మాట నమ్మండి. నాలోకి ఆ తర్వాత ఎప్పుడూ అలాంటిది రాలేదు. సింహాద్రి సూపర్‌వైజర్ని తిట్టాడు, క్యాంటీను సాంబారుని తిట్టాడు, ఎండని తిట్టాడు. చివరి పాటలో ఎవర్నీ తిట్టలేదు. "నీ ఓడ తుప్పు నాను గీకినాను, నా ఊపిర్ల తుప్పు నువ్వు గీకుతావా" అని ఒక్క ముక్కే పదేపదే అడిగాడు. ట్యాంకు గోడలు ఆ మాటల్ని ఎగరేసి ఒకదాని మీద ఒకటి కుమ్మరించడంతో అది ఏ భాషో బయటివాళ్లకి అంతుపట్టకుండా పోయింది. మిగిలింది ఆ గొంతు, ఆ సుత్తులు. నాలోని తుప్పు కూడా లేచి నిలబడింది.

ఆదివారం నాలుగింటికి నూకరాజు నన్ను ఆ గదిలో బల్ల మీద పెట్టాడు. "దీని పేరు ద్రాగోవా. బల్గేరియా. ఓడోళ్ల దగ్గిర దొరికింది" అన్నాడు. ఎందుకు వినాలో చెప్పమంటే "ఇనండి, అంతే" అన్నాడు.

విన్నారు. ఒక వైపు అయిపోయింది. షెరిల్ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని "ఇంకోసారి పెట్టవా" అంది. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ అనని మాట అది.

ప్రభంజన్ మొహం చూడాలి. తనకి తెలియని గుంపుని ఒక వెల్డరు తెచ్చాడు. ఒక్క క్షణం ఆ మొహంలో ఏదో వాడిపోయింది, మరుక్షణం సర్దుకున్నాడు. "ద్రాగోవా! వీళ్లు నాకు తెలుసు. మావయ్య ఎప్పుడో చెప్పాడు. సెకండ్ ఆల్బమ్ నా దగ్గరుంది, ఫస్టే దొరకలేదు ఇన్నాళ్లూ" అన్నాడు. కౌండిన్య ఊరుకుంటాడా? "మూడో పాట వాళ్ల గవర్నమెంట్ మీద. చాలా పొలిటికల్" అన్నాడు. మూడో పాట క్యాంటీను సాంబారు మీద.

గట్టి. పెన్ను మూత, టప్పుమని చిన్న చప్పుడు. నా బిళ్ల విరిగి పడింది. నూకరాజు ఆ ముక్కని ఎవరూ చూడకుండా ఏరి జేబులో వేసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే సింహాద్రి అడిగాడు. "ఏటన్నారు?"

"బిళ్ల ఇరిసేసినారు బావా!"

అంటే ఏమిటో విప్పి చెబితే సింహాద్రి సుత్తి కింద పెట్టి కాసేపు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నా పేరు సెప్పినావా?"

"సెప్తాను."

"ఈ ఆదివారం సెప్పు. ఓడ పేరు నాకెందుకు? సింహాద్రని సెప్పు."

అతను అడిగింది అదొక్కటే. డబ్బు కాదు, ఇంకోటి కాదు.

ఆ వారంలో ద్రాగోవా ఓడ ట్యాంకుల్లో నీళ్లు నింపుకుని వెళ్లిపోయింది. ఇచ్ఛాపురం కూలీలు పని అయిపోయి ఊరెళ్లిపోయారు. ఆ పాటలు ఇక నాలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ వారమే ప్రభంజన్ బెంగుళూరులో ఉన్న స్నేహితుడికి ఫోను చేశాడు. ఆ స్నేహితుడు పంక్ అభిమానుల కోసం జిరాక్సు కాగితాలతో ఒక పత్రిక నడుపుతాడు. కొరియర్లో వచ్చిన ఆ పత్రికలో ద్రాగోవా మీద ఒక పేజీ నిండా ఉంది. ఆ గుంపు ఎప్పుడు పుట్టిందో, గాయకుడు ఎన్నిసార్లు జైలుకెళ్లాడో, రెండో ఆల్బమ్ మొదటిదానికన్నా ఎందుకు గొప్పదో, అంతా ప్రభంజన్ చెప్పిందే, కింద ప్రభంజన్ పేరే.

ఆదివారం ఆ పేజీని గోడకి అంటించారు. షెరిల్ చదివి వినిపించింది. వింటున్న నూకరాజు మొహం వెలిగిపోయింది. మా సింహాద్రి బావ బెంగుళూరు దాకా వెళ్లిపోయాడు అనుకున్నాడు, పిచ్చివాడు. ఆ గదిలో మొదటిసారి ఎవరూ అడక్కుండా లేచి నిలబడి మాట్లాడాడు.

"మీకొక మాట సెప్పాల. ఆల్లు బల్గేరియావోల్లు కాదండి. పాడింది మా బావ. సింహాద్రి, మా యార్డులోనే సిప్పింగు. కొట్టింది మేమే. మీరింత మెచ్చుకున్నారు కదా, ఒచ్చే ఆదివారం తీసుకొస్తాను. ఆడు సాల సంబరపడతాడు."

అంతా చెప్పేశాక గానీ వాళ్ల మొహాలు అతను చూడలేదు. కౌండిన్య గోడ మీద పేజీ వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు. షెరిల్ కళ్లు మాత్రం మెరిశాయి. "నిజంగానా? మీ బావా?" అంది. మోసం చేశాడని ఎవరికీ కోపం రాలేదు. వాళ్ల అబద్ధాలకి వీడు సాక్షిగా మిగిలిపోయాడు, దాన్ని మాత్రం క్షమించలేకపోయారు.

ప్రభంజన్ లేచాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. గోడ మీద కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, మడిచి, సొరుగులో పెట్టాడు. అతుకు కాగితం తెచ్చి నా గుంట మీద శ్రద్ధగా అంటించాడు, పుస్తకానికి అట్ట వేసినట్టు.

"సెకండ్ ఆల్బమ్ నా దగ్గరుందన్నాను కదా రాజ్. అబద్ధం ఎందుకవ్వాలి? ఇప్పుడు చేద్దాం."

నూకరాజుకి అర్థం కాలేదు. అయ్యాక "వొద్దండి. ఇదొక్కటే ఉంది. ఓడెల్లిపోయింది" అన్నాడు.

"రూల్ అందరికీ ఒకటే. షెరిల్ చేసింది, నువ్వు చేయవా? తలుపు అటు, బటన్ ఇటు. నిన్నెవరూ పట్టుకోలేదు."

నేను టేప్‌రికార్డర్లో ఉన్నాను. బటన్ మీద నూకరాజు వేలు ఆనింది. ఎంతసేపు అలాగే ఉంచాడో చెప్పలేను. బయటికి వెళ్లిపోయి ఉంటే నన్ను తీసుకెళ్లగలిగేవాడే. ఎవరూ పట్టుకోలేదు, ప్రభంజన్ చెప్పింది నిజం. కానీ తలుపవతల ఏముందో అతనికి తెలుసు. గది, గ్యాస్ సిలిండరు, దోమలు. వేలు దిగింది.

మొదటి నవ్వు నూకరాజుదే. అది నవ్వులా లేదు, గొంతులో ముల్లు దిగినవాడు దగ్గినట్టుంది. "ఇంకా గట్టిగా, రాజ్" అన్నాడు ప్రభంజన్. ఇంకా గట్టిగా నవ్వాడు. కౌండిన్య సింహాద్రిని అనుకరించాడు, గాడిద ఓండ్ర పెట్టినట్టు. అత్తింటివాళ్లు పెట్టిన పేరు అతనికెలా తెలిసిందో! పదినిమిషాలయ్యేసరికి నూకరాజు నవ్వు నిజం నవ్వయిపోయింది. మీకు ఆశ్చర్యంగా ఉందేమో, నాకు లేదు. నవ్వడం మొదలుపెడితే ఎవరి మీద నవ్వుతున్నామో ఎక్కువసేపు గుర్తుండదు.

మధ్యలో ప్రభంజన్ మైకుకి దగ్గరగా వంగి, ఇంటర్వ్యూ చేస్తున్నట్టు అడిగాడు. "మిస్టర్ రాజ్, ఇందులో పాడిన మహానుభావుడు ఎవరు?"

"ఎవుడో కూలోడు. నాకు తెల్దు."

ప్రభంజన్, కౌండిన్య పగలబడి నవ్వారు. ఒక కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు కూడా నాలో ఉన్నాయి. అది షెరిల్ వెళ్లిపోవడం. మళ్లీ ఆ గదికి రాలేదు. వెళ్లేటప్పుడు బటన్ కట్టేసి వెళ్లొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. ఆమె ఏ క్యాసెట్టుకీ ఆ పని చేయలేదు, తన క్యాసెట్టుకి కూడా.

తొమ్మిది పాటలు ఒక్కొక్కటే పోయాయి. చివరిది పోతున్నప్పుడు నేనేమైనా బాధపడ్డానా అని అడక్కండి. ముందే చెప్పాను, నాకు విశ్వాసం లేదు. ఒక వైపు నిండేదాకా, నలభై అయిదు నిమిషాలు, టీలు తాగుతూ, మాటలాడుకుంటూ, గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ నవ్వుతూ గడిపారు. ప్రభంజన్ నా మీద 'ద్రాగోవా - 2' అని అందంగా రాసి నూకరాజు చేతిలో పెట్టాడు. వీపు తట్టాడు. "నువ్విప్పుడు మా వాడివి."

సోమవారం సింహాద్రి అడిగాడు. "సెప్పినావా?"

"సెప్పినాను బావా."

"ఏటన్నారు?"

"సాల గొప్ప గొంతన్నారు."

సింహాద్రి ఆ మాటని ఇంటికి పట్టుకెళ్లాడు. తర్వాతి సోమవారం కూడా అడిగాడు. నూకరాజు ఇంకో అబద్ధం కట్టాడు, ఆ తర్వాత ఇంకోటి. షెరిల్ అనే అమ్మాయి మళ్లీ పెట్టమందని చెప్పాడు, అదొక్కటే నిజం. బెంగుళూరు పత్రికలో నీ పేరు పడిందన్నాడు. క్యాసెట్టు తెచ్చివ్వమంటే, వాళ్ల దగ్గరే భద్రంగా ఉందన్నాడు. నేను అతని గదిలో గూట్లో, సబ్బుపెట్టె వెనక ఉన్నాను.

సింహాద్రి కూతురి మొదటి పుట్టినరోజు ఆదివారం పడింది. అప్పలస్వామితో సహా అత్తింటివాళ్లందరూ ఆనందపురం నుంచి వస్తున్నారు. ఆరోజు వాళ్లకి పాట వినిపిస్తానని సింహాద్రి నెల ముందు నుంచే వీధంతా చెప్పుకున్నాడు. నూకరాజుని పిలిస్తే "ఆదివారం పనుంది బావా" అన్నాడు. పని అంటే నాలుగింటి గది. క్యాసెట్టు అడిగి తెస్తానని మాత్రం మాటిచ్చాడు, ఇవ్వకుండానే ఆ గదికి వెళ్లిపోయాడు.

చూసి చూసి సింహాద్రి అతని గదికి వచ్చాడు. గది అద్దెకిచ్చిన ఇంటావిడ తాళం తీసింది. గూట్లో వెతికితే సబ్బుపెట్టె వెనక దొరికాను. "ఈడి మతిమరుపు తగలెయ్య, తెచ్చి ఇక్కడే పెట్టుకున్నాడు" అని మురిసిపోయాడు. దారిపొడుగునా నన్ను తిప్పి తిప్పి చూశాడు. పాపం, అక్షరాలు రావు, మీద ఏం రాసి ఉందో తెలియదు. కానీ బిళ్ల విరిచిన గుంట కోసం వేలితో తడిమాడు, దాని మీద ఎవరో పొరపాటున కాగితం అంటించారనుకున్నాడు. తన గౌరవం మీద దుమ్ము పడినట్టు అనిపించిందేమో, గోరుతో మెల్లగా, ఏమాత్రం మిగలకుండా గీకేశాడు. తుప్పు గీకే చెయ్యి కదా, శుభ్రంగా వచ్చింది. ఇక నాలో ఉన్నదాన్ని ఎవరూ తుడవలేరు.

పన్నెండు మంది చాపల మీద కూర్చున్నారు. పాప పైడమ్మ ఒళ్లో ఉంది. సింహాద్రి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "మొదట సుత్తి పడతాది. బయపడకండి. తరవాత నాను" అన్నాడు. బటన్ నొక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సుత్తి పడలేదు. ఎవరో దగ్గినట్టు నవ్వు. ఇంకా గట్టిగా, రాజ్. ముగ్గురి నవ్వు. గాడిద ఓండ్ర.

నవ్వు అంటురోగం. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత అప్పలస్వామి. "ఇదేట్రా బావా, కామెడీ కేసెట్టా? గాడిద మాత్రం అచ్చు నీలాగే ఉందిరోయ్!" అని తొడ చరిచాడు. పన్నెండు మందీ నవ్వారు, పాప కూడా చప్పట్లు కొట్టింది. సింహాద్రి వేరే క్యాసెట్టేమోనని నా వీపు చూడబోయాడు. అప్పుడే లోపల నుంచి వచ్చింది.

ఇందులో పాడిన మహానుభావుడు ఎవరు?

ఎవుడో కూలోడు. నాకు తెల్దు.

పైడమ్మ ఒక్కతే నవ్వడం ఆపింది. "ఇది మన నూకడి గొంతు కాదేటి?" అంది.

సింహాద్రి బటన్ కట్టేశాడు. నన్ను బయటికి తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను ఎన్నో చేతులు చూశాను, అంత నిలకడగా ఉన్న చేయి చూడలేదు.

"కాదు. ఎవుడో. నాకు తెల్దు" అన్నాడు.

సోమవారం యార్డులో నూకరాజు దగ్గర అతను ఏమీ అడగలేదు. ఆ తర్వాత సోమవారం కూడా. నూకరాజు పొద్దున్నే అక్కడక్కడే తచ్చాడేవాడని, అడిగితే చెప్పడానికి ఏదో కట్టుకుని ఉండేవాడని పైడమ్మ తన అన్న అప్పలస్వామితో అంటుంటే విన్నాను. సింహాద్రి మాత్రం పలకరింపుగా తలూపి సుత్తి అందుకునేవాడట.

అప్పటికి నేను అప్పలస్వామి ఇంట్లో ఉన్నాను. పుట్టినరోజు నాడు వెళుతూ వెళుతూ, పనికిరాని క్యాసెట్టు ఉంటే ఇమ్మని అడిగి పట్టుకెళ్లాడు. మీరు పొలాల్లో చూసే ఉంటారు. క్యాసెట్టులో రీలు లాగి కర్రలకి కడితే గాలికి జుమ్మని మోగుతుంది, పిట్టలు వాలవు. ఆనందపురంలో అప్పలస్వామి జొన్నచేను మీద నా పేగులన్నీ బయటికి లాగి నాలుగు వరసలుగా కట్టాడు. నేను పని చేస్తున్నాను. పిట్టలకి నేనంటే భయం. వాటికి పంక్ నచ్చదు.

కంకులు పాలుపోసుకునే రోజుల్లో ఒకనాటి మధ్యాహ్నం సింహాద్రి బావమరిది ఇంటికొచ్చాడు. చేలో ఎవరూ లేరు. నా కింద నిలబడి కాసేపు ఆ జుమ్ముమనే చప్పుడు విన్నాడు. ట్యాంకు గుర్తొచ్చిందేమో తెలియదు. రాయి ఒకటి తీసి పంపు గొట్టం మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. తర్వాత పాడాడు. సూపర్‌వైజరు, సాంబారు, ఎండ, వరసగా తొమ్మిదీ. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చి ఆగాడు. చివర్న, నీ ఓడ తుప్పు నాను గీకినాను అని మొదలుపెట్టి, రెండో ముక్క దగ్గర గొంతు చాలక, అలాగే గాలిలోకి అరిచాడు. చుట్టుపక్కల చేలల్లో పిట్టలన్నీ లేచిపోయాయి.

అతను పాడుతున్నంతసేపూ నేను అతని తల మీదే ఉన్నాను. అతని ఊపిరి నాకు తగిలింది. నేను ఒళ్లంతా విప్పుకుని నాలుగు వరసలుగా ఉన్నాను, ఆ తొమ్మిది పాటలకీ కావాల్సినంత చోటుంది. బటన్ లేదు, మెషీన్ లేదు. ఒక్క అక్షరం నాలో ఎక్కలేదు.

అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. నాలో నూకరాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.